పొదిలి అత్తకు దసరా గిఫ్టు

పండగపూట కస్టమరుకు గిఫ్టు పంపడాన్ని మించిన ధర్మం ఈ కాలంలో మరొకటి లేదు!

తొందరపడి నవ్వకండి. అన్నదానం చేశారనుకోండి, తిన్నవాడికి పొద్దుగుంకేసరికి మళ్లీ ఆకలేస్తుంది. బావి తవ్వించారనుకోండి, మన పడమటి తాలూకాల్లో నీళ్లు పడతాయని ఎవరు పూచీ? గుడి కట్టిస్తే ధర్మకర్త పదవి కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. కస్టమరుకు గిఫ్టు అలా కాదు. ఇచ్చినవాడికి పుణ్యం, పుచ్చుకున్నవాడికి మొహమాటం! మొహమాటం నోటినిండా ఉన్నవాడు సరుకు బాగాలేదని ఎలా అంటాడు చెప్పండి?

ఇంతటి ధర్మం ఇన్నాళ్లూ మనకు తెలియనే తెలియదు. మనకు తెలిసిందల్లా దొరలకు పెట్టే డాలీ ఒక్కటే. క్రిస్మసు వస్తే దొరగారి మకాముకు పళ్లబుట్ట, దాని మీద కోడిపుంజు, ఆ పుంజు మెడలో పూలదండ. దొరగారు మన దగ్గర ఏమైనా కొంటారా? కొనరు. కొనేవాడికి మాత్రం ఉత్త దండం! ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి మద్రాసు నుంచి ఒక మహానుభావుడు దిగిరావలసి వచ్చింది. ఆయన పేరు వరప్రసాదం.

మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే మాల్యాద్రికి ఈ వరప్రసాదం సొంత బావమరిది. మద్రాసులో ఏదో కంపెనీలో కొన్నాళ్లు పనిచేశాడు. ఆ కంపెనీవాళ్లు ఆయన తెలివిని భరించలేకపోయారో, ఆయనే వాళ్ల తెలివితక్కువతనాన్ని భరించలేకపోయాడో, మొత్తానికి కోటు, ట్రంకుపెట్టె, పక్కపాపిడి పట్టుకుని అక్కగారింట్లో దిగాడు. మాల్యాద్రి అంగట్లో ఒక కుర్చీ వేయించుకుని, తనను మేనేజరు అనమన్నాడు. అంగట్లో అప్పటివరకూ కుర్చీయే లేదు. అందరూ చాప మీద కూర్చునేవాళ్లే. కుర్చీ వచ్చాక అందులో కూర్చునేవాడికి ఏదో ఒక పేరు ఉండాలి కదా అని మాల్యాద్రి కూడా సరేనన్నాడు.

మాల్యాద్రి చెడ్డవాడు కాడు. ఆ సంగతి ముందే చెప్పాలి. వాళ్ల నాయన జొన్నచేలో బావి తవ్వబోతే నల్లరాయి పడింది. ఆ రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, అంచులు సానబట్టి, చెక్క చట్రం బిగించి, పలక చేసి అమ్మినవాడు ఆయన. కొడుక్కు కూడా ఆ పని నేర్పించాడు. నాయన పోయి, వ్యాపారం పెరిగాక మాల్యాద్రి ఉలి వదిలిపెట్టి చొక్కా తొడిగాడు. రాయి కొట్టడానికి కూలీలు వచ్చారు. మాల్యాద్రికి మిగిలిన పని ఒక్కటే, ఖర్చు తగ్గించడం.

దేంట్లో తగ్గించాలి? కూలీ తగ్గిస్తే కూలీలు పోతారు. చట్రం తీసేస్తే పలక కాదు, బండ అవుతుంది. చివరికి ఆయన కన్ను గడ్డి మీద పడింది.

మార్కాపురం చుట్టుపక్కల పండేవి జొన్న, సజ్జ, కంది. పలకల మధ్య మెత్తగా పరచడానికి వరిగడ్డి కావాలంటే కంభం చెరువు కింది ఊళ్ల నుంచి తెప్పించాల్సిందే. నాయన కాలంలో పలకకూ పలకకూ మధ్య గడ్డి పరిచి కట్టేవాళ్లు. మాల్యాద్రి దాన్ని మొదట రెండు పలకలకు ఒక పొర చేశాడు. తర్వాత కట్టకు ఒక పొర. చివరికి బండి అడుగున ఒకే ఒక్క పొర. ఆ పొరను కూడా దారిలో ఎద్దులు తినేసేవి!

బండ్లు గుంతల్లో పడుతూ లేస్తూ ఊళ్లు చేరేవి. కట్ట విప్పితే సగం పలకలు, సగం పెంకులు.

అన్ని ఊళ్ల వర్తకులూ సణిగేవాళ్లు. అందరికన్నా గట్టిగా సణిగేది పొదిలి వెంకటసుబ్బులమ్మ. మొగుడు పోయాక ఆయన అంగడి మూతపడుతుందని ఊరంతా ఎదురుచూస్తుంటే, మర్నాడే తలుపులు తీసి గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి ఆమె. పొదిలి చుట్టూ ఉన్న ఊళ్ల బళ్లకూ, ఇళ్లకూ పలకలన్నీ ఆమె అంగడి నుంచే పోతాయి. మాల్యాద్రి సరుకులో పెద్ద వాటా ఆమెదే. మాల్యాద్రి ఆమెను అత్తా అని పిలుస్తాడు. ఆమె అల్లుడిని పిలిచినట్టే పిలిచి, అల్లుడిని తిట్టినట్టే తిడుతుంది.

“మాల్యాద్రితో చెప్పు, నేను అడిగింది పలకలు. తొక్కుడుబిళ్లలు కాదు” అని బండి తోలే బడే సాహెబుతో కబురు పెట్టేది.

మాల్యాద్రి తియ్యటి మాటలు తిరిగి పంపేవాడు. ఒక ఏడాది రాయి గుణం అన్నాడు. ఇంకో ఏడాది ఎండల వల్ల అన్నాడు. మరో ఏడాది మార్కాపురం కర్నూలు జిల్లా, పొదిలి నెల్లూరు జిల్లా కదా, జిల్లా మారేచోట దారి బాగుండదు అన్నాడు. ఆ మాటకు వెంకటసుబ్బులమ్మ, “అయితే కలెక్టర్లిద్దరినీ వచ్చి నా పలకలు అతికించమను” అన్నది.

ఇలా ఎన్నాళ్లు నడిచేదో! ఊరి రెండో కొసన నిత్యానందం అనే ఆయన కొత్తగా పలకల అంగడి పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోకుండా పొదిలికి నమూనా పంపాడని మాల్యాద్రి చెవిన పడింది. ఆ రోజు అన్నం సయించలేదు. పొదిలి పోతే రాయి కొట్టేవాళ్లలో సగంమందిని ఇంటికి పంపాలి. వాళ్లలో కొందరు నాయనతో పనిచేసినవాళ్లు. వాళ్ల ముఖాలు చూసి ఆ మాట ఎలా చెప్పాలి? ఆ దిగులుతో కూర్చుంటే, కుర్చీలోంచి వరప్రసాదం దగ్గాడు.

“బావా, ఆమె ఏమంటాంది?”

“పలకలు పగులుతున్నాయంటాంది.”

“అది పైకి అనే మాట బావా! కస్టమరు మనసులో మాట వేరే ఉంటాది. మన ప్రేమ తగ్గిపోయిందని ఆమె బాధ. మద్రాసులో దీనికి మందు కనిపెట్టినారు.”

“ఏంది మందు?”

“పండక్కి గిఫ్టు.”

చూశారా చదువు మహిమ! పలకలు పగిలాయని ఆవిడ అంటోంటే, పలకలు పగిలాయని అర్థం చేసుకునేవాడు పామరుడు. అందులోంచి ప్రేమను బయటకు తీసేవాడు మేనేజరు.

అప్పటికే వరప్రసాదం ఈ మందును కొందరి మీద ప్రయోగించి ఉన్నాడు. ఉగాదికి గిద్దలూరు వర్తకుడికి తలనూనె సీసాలు పంపాడు. ఆయనకు తల మీద ఒక్క వెంట్రుక లేదు. పామూరు వర్తకుడికి ‘మా అభిమానం మీకు నీడ’ అనే అర్థంతో గొడుగు పంపాడు. ఆ ఏడాది పామూరులో చినుకు పడలేదు. వానదేవుడి కోసం ఊరంతా కప్పలకు పెళ్లిళ్లు చేస్తుంటే, ఈయన అంగడి ముందు కొత్త గొడుగు వేలాడింది. వానను రాకుండా ఆపుతున్నది ఈ గొడుగేనని ఎవరో అన్నారు. పాపం ఆయన గొడుగును పాతిపెట్టాల్సి వచ్చింది! ఇద్దరూ మళ్లీ మాల్యాద్రికి సరుకు గురించి ఫిర్యాదు చేయలేదు. సరుకే అడగలేదు మరి.

“గిఫ్టుకు అర్థం ఉండాల బావా. అప్పుడు అర్థం సరిగ్గా కుదరలేదు. ఈసారి కుదురుస్తాను” అన్నాడు వరప్రసాదం.

అర్థం కుదర్చడానికి ఇంట్లో సభ జరిగింది. మాల్యాద్రి భార్య సుశీలమ్మ పప్పు రుబ్బుతూ సభకు హాజరైంది. చీర పంపుదామని మాల్యాద్రి అన్నాడు. మొగుడు పోయిన మనిషికి ఏ రంగు చీర పంపుతావని సుశీలమ్మ అడిగింది. వెండి కుంకుమ భరిణె అనబోయి మాల్యాద్రి తనే నాలుక కరుచుకున్నాడు. గోడగడియారం పంపితే అంగడి ఆలస్యంగా తీస్తున్నావని దెప్పినట్టవుతుంది. మిఠాయి పంపితే పళ్లు లేవు. భగవద్గీత పంపితే కాలం దగ్గరపడిందని గుర్తుచేసినట్టవుతుంది. పాఠకులారా, కస్టమరుకు తగిన కానుక ఎంచడం పిల్లకు సంబంధం చూడటం కన్నా కష్టం. పిల్లకైతే జాతకమైనా ఉంటుంది!

చివరికి వరప్రసాదం లేచి నిలబడ్డాడు.

“లస్తరు దీపం! మద్రాసులో జమీందార్ల ఇళ్లల్లో వేలాడదీస్తారే, గాజు పూసలు, నీలం గుమ్మటం ఉన్నది. పలక మీద అక్షరం రాస్తారు. దీపం వెలుగులో అక్షరం చదువుతారు. పలక మనదే, దీపం మనదే. ఎంత అర్థముందో చూడు బావా!”

మాల్యాద్రికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత అర్థం తన వ్యాపారంలో ఉందని ఆయనకు ఆనాటివరకూ తెలియదు.

లస్తరు మద్రాసు నుంచి రైల్లో వచ్చింది. మాల్యాద్రి స్వయంగా స్టేషనుకు పోయి, చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. పెట్టె మూత తీస్తే గాజు పూసలు గలగలమన్నాయి. ఎండ తగిలి గోడల మీద రంగులు ఆడాయి. సుశీలమ్మ కూడా రుబ్బురోలు వదిలి వచ్చి నిలబడింది. “మనింట్లోనే పెట్టుకుంటే పోలా?” అన్నది మెల్లగా. ఎవరూ వినలేదు.

దసరా దగ్గరపడింది. దశమి నాడే కదా పిల్లలకు అక్షరాభ్యాసం చేసేది! ఏడాది మొత్తంలో పొదిలిలో పలకలు ఎక్కువగా అమ్ముడయ్యేది ఆ ఒక్క వారమే. దీపమూ పలకలూ ఒకే బండిలో పోవాలని నిశ్చయమైంది.

ఇక ప్యాకింగు. మాల్యాద్రి కంభం వైపు మనిషిని పంపి బండెడు వరిగడ్డి తెప్పించాడు. అంత గడ్డి ఆ అంగట్లోకి వచ్చి ఏళ్లయింది. రాయి కొట్టేవాళ్లు పని ఆపి చూశారు. ఆ గడ్డి అంతా దీపానికే! అది చాలదని సుశీలమ్మ కొత్త బొంత విప్పించి దూది తీశారు. పూసల మధ్య దూది, గుమ్మటం చుట్టూ మెత్తటి పాత చీర, దాని చుట్టూ గడ్డి, గడ్డి చుట్టూ గోనె, గోనె చుట్టూ మళ్లీ గడ్డి, దాని చుట్టూ మళ్లీ గోనె. పెట్టె బండి నడుమన కూర్చుంది. కదలకుండా ఆనుకోవడానికి అటూ ఇటూ ఏమైనా కావాలి. ఏం పెట్టాలి?

పలకల కట్టలు పెట్టారు.

అవునండి. బండి కుదుపులన్నీ పలకలు కాసుకుంటే దీపం క్షేమంగా ఉంటుందని వరప్రసాదం లెక్క. ఎంత ముందుచూపు! వ్యాపారమంటే ఏమిటో ఇంతకన్నా తేటగా చెప్పినవాళ్లెవరు?

వరప్రసాదం బండి కుదుపు తన కోటుకు పడదని అంగట్లోనే ఉండిపోయాడు. మాల్యాద్రి పెట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. బడే సాహెబు బండి తోలాడు. ఆయనకు ఈ ప్రయాణం ఎంతో ముచ్చటగా ఉంది. నవాబుగారి సామాను మోసినట్టుందని దారిలో ఎదురైన ప్రతివాడికీ బండి ఆపి చెప్పాడు. కొనకనమిట్ల దాటాక దారి చెడింది. చక్రం రాయెక్కి దిగింది. అడుగున ఎక్కడో టక్ మన్నది.

మాల్యాద్రి పెట్టెను వాటేసుకున్నాడు. “సాయిబూ! దీపమా?”

బడే సాహెబు చెవి పెట్టి విన్నాడు. “కాదు మాల్యాద్రన్నా, పలక.”

“హమ్మయ్య! బతికించినావు.”

ఇంకో గుంత వచ్చింది. టక్, టకటక్.

“సాయిబూ?”

“పలకలేన్నా, పలకలే.”

“పోనీలే. మెల్లగా తోలు.”

పొదిలి పొలిమేర చేరేవరకూ ఆ బండిలో టకటకలు ఆగలేదు, మాల్యాద్రి హమ్మయ్యలూ ఆగలేదు. మనిషి ప్రయాణం పొడవునా ఇన్నిసార్లు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం తిరుపతి యాత్రలో కూడా జరగదు.

బండి అంగడి ముందు ఆగేసరికి అక్కడ జనం. ఎల్లుండే దశమి. తల్లులు, తండ్రులు, అవ్వలు పిల్లలను చంకనేసుకుని, చెయ్యి పట్టుకుని పలకల కోసం నిలబడి ఉన్నారు. కొందరు తెల్లారకముందే ఊళ్లో బయల్దేరి నడిచి వచ్చినవాళ్లు. వెంకటసుబ్బులమ్మ అరుగు దిగి వచ్చింది.

“ఏందబ్బయ్యా, నువ్వే వచ్చినావు? ఇన్నేళ్లల్లో ఎప్పుడూ రాలేదే!”

“నీకు పండగ కానుక తెచ్చినానత్తా.”

పెట్టె దింపారు. గోనె విప్పారు. గడ్డి తీశారు. మళ్లీ గోనె, మళ్లీ గడ్డి. చీర విప్పారు. పూసల మధ్య నుంచి దూది ఒక్కొక్క పింజగా తీశారు. లస్తరును బడే సాహెబు రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. ఒక్క పూస రాలలేదు. నీలం గుమ్మటం మీద వెంట్రుకవాసి గీత లేదు! పిల్లలు చప్పట్లు కొట్టారు. వెంకటసుబ్బులమ్మ ముఖం నిజంగానే వెలిగింది. పూసను ఒకదాన్ని వేలితో తాకి, అది గలగలమంటే చిన్నపిల్లలా నవ్వింది. మాల్యాద్రి జన్మ ధన్యమైంది. వరప్రసాదం చెప్పిన అర్థమంతా ఆయన గడగడా అప్పజెప్పాడు. పలక, అక్షరం, వెలుగు.

“బాగుంది నాయనా. ఇంక పలకలు దింపండి, పాపం పొద్దున్నించి నిలబడినారు” అన్నది వెంకటసుబ్బులమ్మ.

దింపారు. మొదటి కట్ట తాడు విప్పగానే అది కట్టగా లేదు, కుప్పగా ఉంది. రెండోదీ అంతే. మూడో కట్టను విప్పకుండానే ఆమె కాలితో కదిపింది. లోపల గలగలమన్నది. లస్తరు పూసల గలగలకూ దీనికీ ఎంత తేడా! చట్రాల్లోంచి నల్లటి పెంకులు జారి అరుగు మీద పడ్డాయి.

వెంకటసుబ్బులమ్మ తిట్టి ఉంటే మాల్యాద్రికి బాగుండేది. తిట్టుకు ఆయన దగ్గర జవాబులున్నాయి. రాయి గుణముంది, ఎండలున్నాయి, ఇద్దరు కలెక్టర్లున్నారు. ఆమె తిట్టలేదు. వంగి ఒక చేత్తో గుప్పెడు గడ్డి, ఇంకో చేత్తో ఒక పలక పెంకు తీసుకుంది.

“అబ్బయ్యా, ఒక మాట చెప్పు. అదే బండి, అదే దారి, అవే గుంతలు. గాజు దీపం పగలకుండా తెచ్చినావే, రాతి పలకలు ఎట్ల పగిలినాయి?”

మాల్యాద్రి ఆమె చేతుల్లోని గడ్డి వైపు, పెంకు వైపు మార్చి మార్చి చూశాడు.

“ఇన్నేళ్లు నీకు చేతకాదేమో అనుకున్నా. చేతకానోణ్ణి తిట్టేదేముందిలే అని సరిపెట్టుకున్నా. నీకు బాగానే చేతనవుతాది కదా!”

ఆ మాట మాల్యాద్రి రొమ్ములో దిగింది. ఆమె అంతటితో వదలలేదు. అరుగు కింద నిలబడిన జనాన్ని చూపించింది. “నేను చెప్పను. పోయిన ఏడు చెప్పినా, అంతకుముందేడు చెప్పినా. ఈసారి నువ్వే చెప్పుకో, పలకలు ఎందుకు లేవో.”

ముందు వరసలో పోలేరమ్మ అనే అవ్వ ఉంది. చెయ్యి పట్టుకుని మనవరాలు. పిల్లకు తలంటి, నూనె రాసి, రిబ్బను కట్టి తెచ్చింది. దూరం నుంచి వచ్చినట్టు ఇద్దరి కాళ్లూ దుమ్ముకొట్టుకుని ఉన్నాయి.

“మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ పలక పట్టలేదు నాయనా. ఈ పిల్లే మొదలు. చిన్నదైనా పర్లేదు, ఒకటియ్యి” అన్నది పోలేరమ్మ.

మాల్యాద్రి ఆ అవ్వకు రాయి గుణం గురించి చెప్పాలనుకున్నాడు. పిల్ల ఆయన వైపు కాదు, కింద పడిన పెంకుల వైపు చూస్తోంది. ఒక పెంకు తీసుకుని, అంచు కోసుకుపోతుందని భయపడి, మళ్లీ కింద పెట్టింది.

మాల్యాద్రి చొక్కా విప్పాడు.

పక్కింటి వడ్రంగిని అడిగి ఉలి, సుత్తి తెచ్చుకున్నాడు. అంగడి ముందు నేల మీద కూర్చుని, విరిగిన పలకల్లో పెద్ద ముక్క ఏరుకుని, ఇనుప మొలతో గీత గీసి, ఉలి ఆనించి తట్టాడు. మొదటిది చెడిపోయింది. రెండోదీ చెడిపోయింది. నాయన నేర్పిన పని చేతులు మర్చిపోయాయి. వెంకటసుబ్బులమ్మ గల్లాపెట్టె దగ్గర్నుంచి చూస్తూ కూర్చుంది. మూడోది గీత వెంబడి చక్కగా విరిగింది. అంచులు సానరాయి మీద రాసి, నీళ్లతో కడిగి, పంచె కొసతో తుడిచి పిల్ల చేతికిచ్చాడు. చట్రం లేదు. అరచేతికి రెండింతలుంది. పిల్ల దాన్ని రెండు చేతులతో రొమ్ముకు ఆనించుకుంది.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దంతా మాల్యాద్రి లేవలేదు. బడే సాహెబు నీళ్లు పోసి సాన పట్టాడు. వేళ్లు చీరుకుపోయాయి. జనం వస్తూనే ఉన్నారు, సగం పలకలు, ముప్పాతిక పలకలు, మూల తెగిన పలకలు తీసుకుపోతూనే ఉన్నారు. ఒకాయన మాత్రం, “మార్కాపురం సేటు తానే కొట్టి ఇచ్చినాడు” అని మురిసిపోయాడు. ఆ మెచ్చుకోలుకు మాల్యాద్రి తలెత్తలేకపోయాడు.

దశమినాడు తెల్లవారగానే బండి కట్టించాడు. వెంకటసుబ్బులమ్మ లస్తరును తెచ్చి బండిలో పెట్టించింది.

“ఇది తీసుకుపో అబ్బయ్యా. నీ పెండ్లాం దూది తీసిచ్చిందంట గదా, ఆమెకియ్యి. గడ్డి మాత్రం ఇక్కడ వదులు. ఊళ్లకు పోయే పలకలకు కావాల.”

“గడ్డి లేకుంటే దీపం పగలదా అత్తా?”

“పగిలితే తెలుస్తాది, ఎట్లుంటాదో.”

మాల్యాద్రి దీపాన్ని ఒళ్లో పెట్టుకుని మార్కాపురం దాకా వచ్చాడు. దారి పొడవునా దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకునే ఉన్నాడు. ఇల్లు చేరాక చేతులు దించలేకపోతే సుశీలమ్మ వచ్చి అందుకుంది. ఒక్క పూస పోయింది. ఆమె దాన్ని గమనించలేదు. అదే పూట నడవలో వేలాడదీయించింది.

“గిఫ్టు తిప్పి పంపిందంటే చిన్నదైందని అర్థం. వచ్చే ఏడు ఇంతకంటే పెద్దది పంపుదాం బావా” అన్నాడు వరప్రసాదం కుర్చీలోంచి.

మాల్యాద్రి ఆయన్ను బండిలో కంభం పంపించాడు, వరిగడ్డి తేవడానికి. వరప్రసాదం గడ్డి మీద కూర్చుని, కోటునిండా పొట్టుతో తిరిగొచ్చాడు. మద్రాసు చదువుకు జరిగిన ఈ అవమానాన్ని ఆయన సహించలేదు. ఆ వారమే పోయి నిత్యానందం అంగట్లో చేరాడు. అక్కడ కుర్చీకి చేతులు కూడా ఉన్నాయి.

తర్వాతి దసరాకు మాల్యాద్రి పలకలు పొదిలి చేరాయి. పలకకూ పలకకూ మధ్య గడ్డి. విరిగినవి వెతికితే గానీ దొరకలేదు. గిఫ్టు లేదు, అర్థం లేదు, వట్టి పలకలు! ఇంత మోటు వ్యాపారం ఈ రోజుల్లో ఎవరైనా చేస్తారా?

పొదిలి ఖాతా మాల్యాద్రి దగ్గరే నిలబడింది. నిత్యానందానికి నిద్ర పట్టలేదు. ఒకనాడు తానే నడిచి వచ్చి అడిగాడు.

“ఏం చేసినావు మాల్యాద్రీ? నిజం చెప్పు.”

“గడ్డి పెట్టినాను.”

నిత్యానందం నవ్వాడు. వ్యాపార రహస్యం ఎవరు మాత్రం బయటపెడతారు! ఊరంతా ఎరిగిన సంగతి ఏమిటి? మాల్యాద్రి పొదిలికి లస్తరు మోసుకుపోయాడు. పొదిలి మాల్యాద్రిని వదల్లేదు. ఇందులో గడ్డి ఎక్కడిది? వరప్రసాదం కూడా అదే చెప్పాడు. మార్కాపురం పలకల వర్తకులందరూ ఆలోచించి అర్థం చేసుకున్నారు. అందరూ లస్తర్ల కోసం మద్రాసుకు రాశారు. పలకల నమూనా కట్టల నడుమ, దూదిలో, చీరల్లో, కొండంత గడ్డిలో చుట్టుకుని, మార్కాపురం నుంచి పొదిలికి లస్తర్లు వరసగా బయల్దేరాయి. మొదటిది నిత్యానందానిదే.

కాబట్టి వర్తక మహాశయులారా, గిఫ్టులు తప్పక పంపండి. వాటి వల్ల ఎంత మేలు జరుగుతుందో వెంకటసుబ్బులమ్మే చెప్పింది. పొదిలి అంగట్లో ఇప్పుడు పైకప్పు కనబడనన్ని దీపాలు వేలాడుతున్నాయి. సరుకు దింపడానికి పోయిన బడే సాహెబు తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి చూస్తూ నిలబడిపోయి, “ఎట్లున్నాయత్తా ఇవన్నీ?” అని అడిగాడట.

ఆమె నిత్యానందం పంపిన కట్ట విప్పి, పెంకులు అరుగు మీద పోసి, దీపాల కేసి మెచ్చుకోలుగా చూసిందట.

“బాగుండాయి సాయిబూ. పగిలిన పలకలు ఇప్పుడు ఇంకా బాగా కనబడతాండాయి.”